మంచు మీద పడ్డ టోపీ

శనివారం సాయంత్రం మా ఊరి ఐస్ హాకీ జట్టు గ్లెన్‌లీ ఊరి వాళ్ళ మీద అయిదు నాలుగుతో గెలిచి ఫైనల్‌కి వెళ్ళింది. ఊరంతా గొంతు పోయేలా అరిచింది. నేనూ అరిచాను. ఇంటికి వస్తుంటే చలికి చెవులు మొద్దుబారాయి. అప్పుడు తల తడుముకున్నాను. తల మీద టోపీ లేదు.

ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా మా కోర్బిన్ దూరం నుంచి కొట్టిన పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, గోల్ ముందున్న గుంపులోంచి దూరి వలలో పడింది. ఆ రోజు వాడికి అది మూడో గోల్. హ్యాట్రిక్ అన్నమాట. హ్యాట్రిక్ అయితే చూసేవాళ్ళు టోపీలు తీసి మంచు మీదకి విసరాలి. టోపీలన్నీ బెదిరిన కాకుల్లా లేచాయి. వాటిలో నాదీ ఉందని అది చేతిలోంచి వెళ్ళిపోయాక గానీ నాకు తెలియలేదు.

నాదంటే నిజానికి మా ఆయన వాసిల్‌ది. మా పెళ్ళయిన ఏడాది చలికాలంలో ఆయన చెరువు దగ్గర ఉచ్చులు పెట్టి మస్క్‌రాట్‌లని పట్టి, ఆ బొచ్చు తోలుతో సొంతంగా కుట్టుకున్న టోపీ. మా జట్టు పేరు కూడా మస్క్‌రాట్సే. నీళ్ళలో తిరిగే ఎలుక పేరు పెట్టుకుని ఎవరిని భయపెడతారని పక్క ఊళ్ళ వాళ్ళు నవ్వుతారు. టోపీ ఎడమ చెవి రెక్కని మా కుక్క కొరికింది. అయినా నలభై ఒక్క ఏళ్ళు ఆయన ఆ టోపీతోనే ఆటకి వెళ్ళారు. ఆయన పోయిన ఈ పదకొండేళ్ళూ నేను పెట్టుకుని వెళ్తున్నాను.

ఆయన మాత్రం దాన్ని ఒక్కనాడూ విసరలేదు. విసరడానికని కోటు జేబులో ఒక పాత ఉన్ని టోపీ ఉంచుకునేవారు. "తల మీదది ఇంటిమనిషి, జేబులోది చుట్టం. సాగనంపేది చుట్టాన్నే" అనేవారు. నేనూ అదే పద్ధతి పాటిస్తున్నాను. కానీ జనవరిలో కోర్బిన్ మూడు గోల్స్ కొట్టినప్పుడు జేబులో చుట్టాన్ని సాగనంపి, ఇంకొకదాన్ని పెట్టుకోవడం మరిచిపోయాను.

విసిరితే విసిరావు, పోయి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. మా ఊరు హార్లో బెండ్‌లో అది కుదరదు. విసిరిన టోపీలన్నిటినీ బంగాళాదుంపల సంచిలో పోసి ఆటగాడికి ఇచ్చేస్తారు. అతను వాటిని తన పొలం కంచె గుంజలకి ఒక్కొక్కటి తొడుగుతాడు. ఎండకీ వానకీ చివికి రాలిపోయేదాకా అవి అక్కడే ఉంటాయి. మంచు మీద పడ్డ టోపీని వెనక్కి అడగకూడదు. మా ఊరి ఓరెస్ట్ వాళ్ళ నాన్న ఒకసారి కొత్త టోపీ అని మనసొప్పక అడిగి తెచ్చుకున్నాడు. తరువాత తొమ్మిదేళ్ళు మా జట్టు ఫైనల్ ముఖం చూడలేదు. ఆ మనిషి పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పటికీ ఓరెస్ట్‌తో మాట తేడా వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ టోపీ ఊసెత్తుతారు.

బుధవారం ఫైనల్. ఇలాంటప్పుడు నేను వెళ్ళి టోపీ ఇమ్మని అడిగితే, ఓడిపోతే ఊరు నన్ను ఏం చేస్తుందో. అడగలేను. అడగకుండా ఉండనూ లేను. ఆ రాత్రి తలకి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ ఆట జరిగే రింక్ వంటగదికి వస్తారు. అక్కడ కాఫీ, బంగాళాదుంప కూరిన పెరోగీ కుడుములు చూసుకునేది నేనే. పద్నాలుగు కుర్చీలు, మూడు బల్లలు, ఒక పెద్ద ఫ్రీజర్. ముందురోజు ఆటని మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా అక్కడ ఆడతారు. మంచు మీద ఆడినదానికన్నా గట్టిగా ఆడతారు.

ఆ రోజు ఆట మొదలుపెట్టింది ఓరెస్టే. రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. తోయడం అలవాటు కాబట్టి మాట కూడా తోసుకుంటూనే వెళ్తాడు. మన గోలీ, అదే గోల్ కాచేవాడు, నాలుగు గోల్స్ వదిలేశాడని, వాడిని ఫైనల్లో కూర్చోబెట్టాలని అన్నాడు. గస్‌కి కోపం వచ్చింది. గస్ ఇరవై ఏళ్ళు మా జట్టుకి గోలీగా ఉన్న మనిషి. ముక్కు రెండు చోట్ల విరిగింది. భూమి మీద ఏ గోలీని ఎవరు ఏమన్నా తననే అన్నట్టు బాధపడతాడు.

"ఆ నాలుగోది మా అమ్మ కూడా ఆపేసేది" అన్నాడు ఓరెస్ట్.

"ఆపేదే. ఆవిడ అడ్డం నిలబడితే ఇంక వల ఎవరికి కనిపించేది?" అన్నాడు గస్.

అందరూ నవ్వారు. ఓరెస్ట్ కూడా నవ్వాడు, వాళ్ళమ్మ అంత మనిషే మరి. అక్కడి నుంచి మాట కోర్బిన్ మీదకి వెళ్ళింది. మొదటి గోల్ ఎంత ఒడుపుగా కొట్టాడు, రెండోదానికి గ్లెన్‌లీ గోలీని ఎలా మోకాళ్ళ మీద కూల్చేశాడు, మూడోది గుంపులోంచి సూదిలో దారం ఎక్కించినట్టు ఎలా పంపాడు అని. ఓరెస్ట్ ఉప్పు డబ్బానీ మిరియాల డబ్బానీ బల్ల మీద పేర్చి మూడో గోల్ చూపించాడు. మిరియాల డబ్బా గోల్ ముందు నిలబడ్డ ఎల్డన్.

"ఎల్డన్ ఏం చేశాడు మరి?" అని ఎవరో అడిగారు.

"ఏం చేస్తాడు? వాడు ఫ్రిజ్ లాంటివాడు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటాడు. అప్పుడప్పుడు గుర్రుమంటాడు" అన్నాడు ఓరెస్ట్.

ఎల్డన్ అక్కడే ఉన్నాడు. ఫ్రీజర్ పక్కన నిలబడి కాఫీ తాగుతూ ఆ మాటకి తలూపాడు. నలభై ఒక్క ఏళ్ళు వాడికి. కోత యంత్రాలు బాగుచేస్తాడు. పందొమ్మిదేళ్ళుగా మా జట్టులో వెనక వరసలో ఆడుతున్నాడు. ఆఖరిసారి గోల్ కొట్టి ఆరేళ్ళయింది. వాడు వేసుకునే ఆట నిక్కరు మా జట్టులో కొందరికన్నా వయసులో పెద్దది. లోపలి దూది ఎప్పుడో కిందకి జారిపోయింది.

వాడికి కాఫీ పోస్తుంటే నాకు ఒకటి తోచింది. వీడు నిలబడి ఉన్నాడేమిటి? కుర్చీ కనిపిస్తే వదలని మనిషి. సొంత పెళ్ళిలో కూడా పాస్టరు రెండుసార్లు పిలిచాక గానీ లేవలేదు. గదిలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వీడు గంట నుంచీ నిలబడే ఉన్నాడు.

అప్పుడు నాకు ఆ మూడో గోల్ మళ్ళీ కళ్ళ ముందుకి వచ్చింది. నేను కూర్చునేది గోల్ వెనక అద్దపు గోడ పక్కనే. ఎల్డన్ కోర్బిన్‌కి వీపు పెట్టి గోల్ ముందు నిలబడ్డాడు. పక్ వచ్చే సమయానికి చిన్న గెంతు గెంతాడు. సంతోషంతో గెంతాడనుకున్నాను. కానీ సంతోషం గోల్ పడ్డాక కదా రావాలి. ఎల్డన్ ముందే గెంతాడు.

సొంత జట్టువాడికి తగిలి వలలో పడితే ఆ గోల్ తగిలినవాడిదే. కొట్టినవాడికి సాయం చేసిన పేరే దక్కుతుంది. అంటే ఆ మూడోది ఎల్డన్‌ది. అప్పుడు కోర్బిన్‌వి రెండే. హ్యాట్రిక్ లేదు. హ్యాట్రిక్ లేకపోతే ఆ టోపీలు ఇచ్చినవి కావు, ఊరికే జారిపడ్డవి. జారిపడ్డదాన్ని తెచ్చుకుంటే ఏ ఆచారమూ తప్పినట్టు కాదు.

ఇదంతా నిజం నిలబెట్టడానికి చేశానని చెప్తే అబద్ధమవుతుంది. నాకు నా టోపీ కావాలి, అంతే.

మూల బల్ల దగ్గర ఇర్మా కూర్చుని ఆట కాగితం చూసుకుంటోంది. గోల్స్ ఎవరివో రాసేది తనే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కాగితాన్ని ఫోటో తీసి లీగ్ వాళ్ళకి పంపాలి. పంపాక మార్చడం ఉండదు. అప్పటికి పదకొండున్నర. ఇర్మా బడిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పింది. ఒకరు చెప్తే విని మార్చే మనిషి కాదు. ఋజువు కావాలి. ఋజువు ఫ్రీజర్ పక్కన నిలబడి ఉంది, నిక్కరు లోపల.

ఒక కుర్చీ ఈడ్చుకెళ్ళి ఎల్డన్ పక్కన వేశాను.

"కూర్చో నాయనా, కాళ్ళు నొప్పిపుడతాయి."

"వద్దు తేతా" అన్నాడు. మా ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ నేను తేతానే, పిన్ని వరస. "నిలబడితేనే మంచిదని డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు? మన ఊళ్ళో ఉన్నది పశువుల డాక్టరేగా."

"ఆయనే చెప్పాడు."

పళ్ళెం నిండా పెరోగీలు పెట్టి, మీద పుల్లటి మీగడ పోసి, కత్తీ ఫోర్కూ చేతికిచ్చాను. ఒక చేత్తో కాఫీ పట్టుకుని నిలబడి ఎలా తింటాడో చూద్దామని. వాడు పళ్ళేన్ని ఫ్రీజర్ మీద పెట్టుకుని, మేత తొట్టి దగ్గర ఎద్దులా ప్రశాంతంగా తినేశాడు. ఇంకో నాలుగు వేయమన్నాడు.

పన్నెండుకి పావు గంట ఉంది. కుర్చీని ఇంకొంచెం దగ్గరికి జరిపాను. వాడు ఇంకొంచెం పక్కకి జరిగాడు. మళ్ళీ జరిపాను. అలా మేమిద్దరం ఫ్రీజర్ చుట్టూ ముప్పావు వంతు తిరిగాం. గదిలో మాటలు ఆగిపోయాయి. ఇర్మా కళ్ళద్దాలు ముక్కు మీదకి దింపి మా వైపు చూసింది.

"ఎల్డన్. కూర్చో" అంది.

మూడో తరగతిలో వాడిని కూర్చోబెట్టిన గొంతు అది. ఎల్డన్ బుర్ర ఆలోచించేలోపే ఒళ్ళు మాట వినేసింది. కూర్చున్నాడు. కూర్చున్నంత సేపు పట్టలేదు లేవడానికి. ఆ మధ్యలో వాడి నోట్లోంచి వచ్చిన చప్పుడు నేను ఇంతకుముందు ఆవులు ఈనే కాలంలోనే విన్నాను.

ఇర్మా పెన్సిలు తీసుకుంది.

"నిన్న పక్ నీకు తగిలిందా?"

"ఎక్కడండీ?"

"నువ్వు దేని మీద కూర్చోలేకపోతున్నావో, అక్కడ."

ఎల్డన్ నేల చూపులు చూశాడు. "కొంచెం" అన్నాడు.

మరి చెప్పలేదేమని ఆవిడ అడిగింది. వాడు చెప్పింది విని నాకు ఆ కుర్చీ కింద దూరిపోదామనిపించింది. కుర్రాడు ముచ్చటగా మూడు కొట్టాననుకున్నాడు, టోపీలు కూడా పడిపోయాయి, ఇంత సంతోషం మధ్యలో నా పిర్ర సంగతి ఎందుకులే అనుకున్నానండీ అన్నాడు.

గదిలో గోల మొదలైంది. నియమం నియమమే అని గస్ అన్నాడు. అందరికన్నా గట్టిగా అడ్డం పడ్డది ఓరెస్ట్. అయిపోయిందేదో అయిపోయింది, కోర్బిన్ మనసు కష్టపెట్టొద్దు, ఆచారం చెడగొట్టొద్దు అని చెమటలు పట్టేలా వాదించాడు. వీడికింత ఆచారం మీద భక్తి ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. ఇర్మా ఎవరి మాటా వినలేదు. కోర్బిన్ పేరు కొట్టేసి ఎల్డన్ పేరు రాసింది, ఫోటో తీసింది, పన్నెండుకి రెండు నిమిషాలుండగా పంపేసింది.

"మరి టోపీల సంగతో?" అన్నాను, రొట్టె కోస్తూ, నాకేమీ పట్టనట్టు.

కోర్బిన్‌కి ఫోన్ చేశారు. అరగంటలో సంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, హ్యాట్రిక్ పోయిందని ముఖం మాడ్చుకుంటాడనుకున్నాను. నవ్వాడు. "నాకూ అనుమానంగానే ఉంది. పక్‌ని అంత వంపు తిప్పే తెలివి నా కర్రకి లేదు" అన్నాడు. ఎల్డన్ వీపు తట్టబోయి, ఎందుకైనా మంచిదని భుజం తట్టాడు.

సంచి బల్ల మీద బోర్లించాడు. ఇరవై ఆరు టోపీలు. వాటిని చూసి ఒక్కరి ముఖమూ వెలగలేదు. అప్పుడు అర్థమైంది. ఊళ్ళో వాసిల్ లాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. విసిరినవన్నీ చుట్టాలే. చిరిగినవీ, చిమ్మెటలు తిన్నవీ, ఎప్పటిదో ఎరువుల కంపెనీ పేరున్నవీ. వదిలించుకున్నామనుకున్న చుట్టాలు పెట్టెలతో సహా తిరిగొచ్చినట్టు అందరూ వాటిని వేలి కొసలతో ఎత్తి చూస్తున్నారు.

ఓరెస్ట్ భార్య లెనోర్ గుంపులోంచి ముందుకొచ్చి, నారింజ రంగు ఉన్ని టోపీని బయటికి లాగింది. రెండు వైపులా మోకాళ్ళదాకా జడలు, పైన క్యాబేజీ అంత కుచ్చు. క్రిస్మస్‌కి తనే అల్లింది. గుండె రాయి చేసుకుని విసిరానని ఓరెస్ట్ ఆవిడకి చెప్పాడట. ఆవిడ దాన్ని వాడి తలకి తొడిగి, గడ్డం కింద జడలు ముడేసి, దేవుడు గొప్పవాడు అంది. ఓరెస్ట్ భక్తి ఎందుకో అప్పుడు తెలిసింది.

నా టోపీ లేదు. బల్ల మీద రెండుసార్లు వెతికాను. సంచి తిరగేసి దులిపాను. మట్టి రాలింది. కోర్బిన్ కాఫీ కోసం వచ్చినట్టు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీది అందులో లేదు తేతా. నిన్న ఆట అయ్యాక మీ ఇంటి వెనక తలుపు పక్కన మేకుకి తగిలించి వెళ్ళాను. ముందు తలుపైతే ఎవరైనా చూస్తారని."

దులిపిన సంచిని మడతపెట్టాను.

"అది వాసిల్ అంకుల్ టోపీ కదా. గుంజకి తొడిగి, రోజూ దాని ముందు నుంచి ట్రాక్టరు మీద ఎలా వెళ్ళను? చూస్తున్నట్టే ఉంటుంది. ఎవరికీ చెప్పకండి, ఆచారం తప్పానంటారు" అన్నాడు. పెరోగీ ఒకటి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళాను. శుక్రవారం మంచు పడ్డాక నేను వెనక తలుపు తీయలేదు. భుజంతో నాలుగుసార్లు నెడితే తెరుచుకుంది. కొట్టం నుంచి వచ్చినప్పుడు ఆయన ఏ మేకుకి తగిలించేవారో, ఆ మేకుకే టోపీ వేలాడుతోంది. కొరికిన చెవి రెక్క మీద గుప్పెడు మంచు. పక్కన బూటు అడుగులు వచ్చి, వెళ్ళిన గుర్తులు.

నా ఇంటి గోడకున్న టోపీ కోసం నేను ఒక కుర్రాడి హ్యాట్రిక్ చెరిపించాను. ఒక మంచివాడిని ఫ్రీజర్ చుట్టూ తరిమాను. నిజమే, గోల్ ఎల్డన్‌దే. కానీ ఆ నిజం నాకు ఉపయోగపడింది కాబట్టే నేను దాని వెంటపడ్డాను. ఆ మూడు రోజులూ టోపీ తలకి వెచ్చగా ఉందే గానీ హాయిగా లేదు. మంగళవారం పొయ్యి ముందు కూర్చుని నిర్ణయించుకున్నాను. ఫైనల్లో కోర్బిన్ మూడు కొడితే, ఈసారి తెలిసే విసురుతాను. జేబులో చుట్టాన్ని పెట్టుకోను.

బుధవారం రింక్‌లో కాలు పెట్టే చోటు లేదు. ఆట ముందు ఆటగాళ్ళ పేర్లు చదువుతారు. ఎల్డన్ పేరు చదవగానే నేను లేచి నా కింద దిండు తీసి మంచు మీదకి విసిరాను. మా బల్లలు చలికి ఇనప్పెట్టెల్లా ఉంటాయి, అందరూ దిండ్లు తెచ్చుకుంటారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత గస్ విసిరాడు. ఆపైన వానలా దిండ్లే. అవన్నీ ఏరడానికి పది నిమిషాలు పట్టింది. ఎల్డన్ ఒక మంచి దిండు చూసుకుని తమ జట్టు బల్ల మీద తన చోట వేసుకున్నాడు. మేమంతా ఆటంతా వట్టి చెక్కల మీద కూర్చున్నాం.

కోర్బిన్ మొదటి పీరియడ్‌లో ఒకటి, రెండోదానిలో ఒకటి కొట్టాడు. రెండోది పడగానే నేను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆఖరిదైన మూడో పీరియడ్ అంతా దేవుడికి రెండు వైపులా మొక్కాను. ఏది ఇచ్చినా ఒప్పుకుందామని.

ఇంక నిమిషం ఉంది. మేము మూడు, వాళ్ళు రెండు. వాళ్ళు గోలీని బయటికి పిలిచి ఇంకో ఆటగాడిని దింపారు. వాళ్ళ వల ఖాళీ. కోర్బిన్ పక్ లాక్కుని బయల్దేరాడు. ముందు ఒక్కడూ లేడు. చంటిపిల్ల కూడా కొట్టే గోల్ అది. ఊరంతా లేచి జేబుల్లో చేతులు పెట్టింది. ఓరెస్ట్ గడ్డం కింద ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను అద్దం పక్కన నిలబడి టోపీ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను.

వాడు తలెత్తాడు. నన్ను చూశాడు, టోపీని చూశాడు. పక్‌ని పక్కకి తోశాడు.

పక్కన ఎల్డన్ ఉన్నాడు. ఆయాసపడుతూ వెనక వస్తున్నవాడు ఆ పక్ వైపు, వేరేవాళ్ళ ఉత్తరం తన ఇంటికి వచ్చినట్టు చూశాడు. తరువాత కొట్టాడు. ఈసారి కర్రతోనే.

గురువారం పొద్దున వంటగదిలో కుర్చీలు చాలలేదు. గెలిచిన కప్పు మధ్య బల్ల మీద ఉంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. కోర్బిన్ ఎందుకు ఇచ్చాడన్నదే మాట. మంచు గరుగ్గా ఉండి పక్ జారిపోయిందని గస్ అన్నాడు. ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా మళ్ళీ వచ్చాయి. కోర్బిన్‌నే అడిగితే ఎల్డన్ ఖాళీగా కనిపించాడన్నాడట.

"ఎల్డన్ పందొమ్మిదేళ్ళుగా ఖాళీగానే ఉన్నాడు. ఇన్నాళ్ళలో ఎవడైనా ఇచ్చాడా?" అన్నాడు ఓరెస్ట్, నారింజ జడలు కాఫీలో పడకుండా వెనక్కి వేసుకుంటూ. వాడి బాధ వాడిది. ఇంకొక్క గోల్ పడుంటే ఆ టోపీ వదిలేది. "నువ్వు అద్దం పక్కనే ఉన్నావుగా స్తెఫా. నీకేమనిపించింది?"

అందరూ నా వైపు తిరిగారు. ఎల్డన్ కూడా తిరిగాడు, దిండు మీద హాయిగా కూర్చుని.

పెరోగీలు చల్లారిపోతున్నాయన్నాను. టోపీ సర్దుకుని, కౌంటరు వెనక నా స్టూలు మీద కూర్చున్నాను. సంచిలోంచి సూదులు తీసి, ఆపిన వరస దగ్గర మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను. బూడిద రంగు ఉన్ని, చవకది. జేబులో పట్టేంత చాలు.